ముందు వరసలో ముప్పై ఒక్కమంది

"అన్నా, ఇవాళ గనక మళ్ళీ లైను ఆగిందో, నిన్నూ నీ డబ్బానీ కలిపి ఈ కొండ మీంచి దొర్లించేస్తా. తర్వాత చెప్పలేదనకు," అంది లుసుంగు.

పొద్దున ఏడున్నర. రాత్రి డ్యూటీ దిగి, నర్సు బట్టలు కూడా మార్చుకోకుండా తిన్నగా నా గది గుమ్మంలోకి వచ్చింది. చేతిలో టీ కప్పు. అదీ నా కోసం కాదు.

"దొర్లించు తల్లీ. కింద పడ్డాక కాసేపు పడుకుంటాను," అన్నాను.

నవ్వలేదు. నేనూ నవ్వించాలని అనలేదు. ఈ కవియాలా మిషన్ ఆసుపత్రిలో పదహారేళ్ళుగా ఇంటర్నెట్ చూసేవాణ్ణి నేనొక్కణ్ణే. కుమ్వెండా అని పేరు చెబితే ఎవరికీ తెలియదు గానీ, 'లైనాయన' అంటే కింద రోడ్డు దాకా అందరికీ తెలుసు. లైను బాగున్నన్నాళ్ళూ నేనొకణ్ణి ఉన్నానని ఎవరికీ గుర్తుండదు. ఆగిందంటే మాత్రం చర్చిలో పాట మధ్యలో కూడా మెడ తిప్పి నా వంకే చూస్తారు. అలిసిపోయాను. మాట వరసకి అనడం కాదు, నిజంగానే అలిసిపోయాను.

లుసుంగు సంగతి చెబుతాను. మా ఆసుపత్రిలో ఆపరేషన్ గది ఉంది, కోసే డాక్టరున్నాడు, మత్తిచ్చే మనిషి లేడు. ఉన్నాయన మూడేళ్ళ కిందట రిటైరయ్యాడు, ఆయన కూర్చునే స్టూలు ఇంకా ఖాళీగానే ఉంది. కడుపు కోసి తియ్యాల్సిన కాన్పు వస్తే తొంభై కిలోమీటర్లు బండిలో పంపుతాం. కొందరు చేరతారు. కొందరు చేరరు. చేరని వాళ్ళ పక్కన కూర్చుని, దారి పొడుగునా చెయ్యి పట్టుకుని ఉండేది ఈ లుసుంగే. ఇక చూడలేనని మత్తు చదువుకి తనే పెట్టుకుంది. రాజధానిలో కాలేజీ వాళ్ళ రాత పరీక్ష మొదటిసారే గట్టెక్కింది. మిగిలింది ఇంటర్వ్యూ, అదీ వీడియోలో. మూడు అవకాశాలిచ్చారు. మొదటిసారి ఆరో నిమిషంలో లైను ఆగింది. రెండోసారి నాలుగో నిమిషంలో. రెండుసార్లూ 'హాజరు కాలేదు' అని రాసి పారేశారు. మూడోది ఇవాళ మధ్యాహ్నం రెండింటికి. వచ్చే నెలలో ఆమెకి నలభై నిండుతాయి, నలభై దాటితే ఆ చదువుకి తీసుకోరు. అంటే ఇవాళ తప్పితే ఇంకెప్పుడూ లేదు.

"రెండుసార్లూ రెండింటికే పెట్టారు. రెండుసార్లూ అప్పుడే పోయింది. నువ్వేమో వాన, టవరు అంటూ కబుర్లు చెప్పావు," అంది.

"వానే మరి."

"మొదటిసారి సెప్టెంబరులో అన్నా. సెప్టెంబరులో వానెక్కడిది? నీ నెత్తి మీద కురిసిందా?"

దొంగకు తేలు కుట్టినట్టు తల దించుకుని తీగలు సర్దసాగాను.

"పోనీ, ఆ గంటసేపూ మిగతా అందరికీ పీకెయ్," అంది.

"ల్యాబు రిపోర్టులు, మందుల ఆర్డర్లు, రక్తం కోసం పట్నానికి కబుర్లు, అన్నీ అందులోనే పోతాయి. పీకేస్తే ముందు నువ్వే తన్నడానికొస్తావు. ఫోను సిగ్నలుతో అవుతుందా అంటే, ఆసుపత్రి ఆవరణలో అయితే మార్చురీ వెనక చెదపుట్ట ఎక్కితేనే ఒక గీత వస్తుంది. మాటకి సరిపోతుంది, బొమ్మకి చాలదు."

"నాకవన్నీ తెలియవు. నాలుగు గంటలు పడుకుని వస్తా. నువ్వు పడుకోకు." టీ చివరి గుక్క తాగేసి, కప్పు నా బల్ల మీదే పెట్టి పోయింది.

లోపలి తీగ పీకి, టవరు నుంచి వచ్చే లైను తిన్నగా కొలిచాను. పది మెగాబిట్లు రావాలి. పదీ వచ్చాయి, నిండుగా. అంటే టవరు తప్పేం లేదు. రెండుసార్లూ వాళ్ళని ఫోన్లో తిట్టిన తిట్లు గుర్తొచ్చి సిగ్గేసింది. వాళ్ళని తిట్టడానికి వేరే కారణాలు బోలెడున్నాయి గనక కొంచెమే వేసింది.

ఇక మిగిలింది నా డబ్బా. మూల బల్ల మీద పాత కంప్యూటరు, లైనక్స్ మీద నడుస్తుంది. ఆసుపత్రికీ, చుట్టూ ఉన్న ఇళ్ళకీ వచ్చే ఇంటర్నెట్ ప్రతి చుక్కా దాంట్లోంచే పోవాలి. ఎవరికెంత వాటా, ఎవరు ముందు, ఎవరు వెనక అని నేనొక ఫైల్లో రాసి పెడితే అది ఆ ప్రకారం వదులుతుంది. కుళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టడం లాంటిదే. ఫైలు తెరిచాను. ల్యాబుకింత, మందుల గదికింత, వార్డులకింత. అంతవరకూ బాగానే ఉంది. ఆ కింద మొదలైంది అసలు జాతర.

మా దగ్గర చావంటే ఆ ఒక్క ఇంటి సంగతి కాదు. ఎవరు పోయినా పనులాపి అందరం ఆ వాకిట్లో చేరతాం. మగాళ్ళు బయట నిప్పు చుట్టూ, ఆడాళ్ళు లోపల చాపల మీద. రాలేనివాళ్ళు జోహానెస్‌బర్గ్ గనుల్లో ఉంటారు. ఆరేళ్ళ కిందట పాస్టరు గారి తల్లి పోయినప్పుడు ఆయన నా దగ్గరికొచ్చి, "మా తమ్ముడు అక్కడి నుంచి చూస్తానని ఏడుస్తున్నాడు. ఫోన్లో చూపిస్తాం. ఆగకుండా చూడు నాయనా," అన్నాడు. కాదంటానా? ఆయన ఫోనుకి అర మెగాబిట్టు వాటా రాశాను, అందరికన్నా ముందు వరసలో. ముందు వరస వాళ్ళకి దక్కాకే మిగతావాళ్ళకి. ఎవరి కోసం ఇచ్చిన వాటానో గుర్తుండాలని పక్కనే పోయినావిడ పేరు రాశాను.

పూడ్చిపెట్టిన తర్వాత ఒక రోజు చూసి ఆడాళ్ళు ఆ వాకిలంతా ఊడ్చేస్తారు. నిప్పు చల్లారుస్తారు. దాంతో ఎవరి పనికి వాళ్ళు పోవాలి. ఆ ఊడ్చే రోజున నేనూ ఆ వరస తీసెయ్యాలి. తియ్యలేదు. పేరు కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు. తర్వాత ఇంకొకరు పోయారు. వాళ్ళకీ అర. ఆ తర్వాత ఇంకొకరు. ఆరేళ్ళలో ఒక్క పేరూ కొట్టెయ్యలేదు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

లెక్కపెడితే ముప్పై ఒకటి. ముప్పై దాకా కూడితే పదిహేను మెగాబిట్లయింది. ముప్పై ఒకటో పేరు దగ్గర ఆగి, తెర పైకి జరిపేశాను.

ఉన్నది పది, ఇచ్చిన మాట పదిహేను. అలాంటప్పుడు డబ్బా ఎవరినీ ఆపదు. అందరినీ 'సరే పొండి' అని వదిలేస్తుంది. తోపులాట నా గుమ్మంలో కాకుండా టవరు దగ్గర జరుగుతుంది. అక్కడ నా మాట వినేవాడు లేడు. ఎవడి మోచెయ్యి గట్టిదైతే వాడిదే దారి. అసలు చెప్పుకోలేని సంగతి ఇంకొకటుంది. రెండోసారి ఇంటర్వ్యూకి లుసుంగు ఆగిపోకూడదని నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఆమెని కూడా తీసుకెళ్ళి ముందు వరసలో నిలబెట్టడం. ముప్పై రెండో వాటా! నిండిపోయిన బస్సులో ఇంకొకర్ని కూరి, "ఇక హాయిగా కూర్చో తల్లీ," అన్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పేర్లన్నీ తీసెయ్యాలి. చెప్పకుండా తీసినా డబ్బా ఏమీ అనదు. కానీ ఆ మనుషులు నా ఎదురుగా నిలబడి ఏడుస్తుంటే రాసిన పేర్లవి. అడిగే తియ్యాలి. కాగితం మీద పేర్లు రాసుకుని, ఫోను పట్టుకుని, ఎనిమిదిన్నరకి చెదపుట్ట ఎక్కాను.

మొదట పాస్టరు గారు. "ఇంకా ఉందా నాయనా? అమ్మ పోయి ఆరేళ్ళయింది," అని ఆశ్చర్యపోయి, తీసెయ్యమని, అక్కడికక్కడే ప్రార్థన మొదలుపెట్టాడు. పది నిమిషాలు పుట్ట మీద కళ్ళు మూసుకుని నిలబడ్డాను. పెద్దాయన దీవిస్తుంటే ఫోను పెట్టెయ్యలేం కదా.

తర్వాత ఆంబులెన్సు నడిపి రిటైరైన పెద్దయ్య, ఇంటిపేరు చావుల.

"మా ఆవిడ పేరు మీద అంత జోరుగా వస్తోందా! అందుకా, మనవళ్ళు ఫుట్‌బాల్ చూడ్డానికి నా ఫోనే కావాలని కొట్టుకు చస్తారు!"

"తీసెయ్యమంటావా పెద్దయ్యా?"

"తియ్యి గానీ, ఆవిడతో జాగ్రత్తరోయ్. బతికున్నప్పుడే ఎక్కడా వరసలో నిలబడేది కాదు. ఇప్పుడు వెనక్కి నెట్టావని తెలిస్తే నీ కల్లోకి వస్తుంది."

"రానీ. నిద్రపడితే కదా కలలు."

అలా ఒక్కొక్కరే. కొందరు వెంటనే సరేనన్నారు. కొందరు మొదట్నించీ మొత్తం చావు కథ చెప్పారు, జ్వరం ఎప్పుడొచ్చింది, చివరికి ఏమన్నాడు, ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు. విన్నాను. ఎండ నెత్తికెక్కింది. చీమలు చెప్పుల్లోకెక్కాయి. ఒక్కావిడ మాత్రం ఒప్పుకోలేదు. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండే న్యాంహాంగో. భర్త పోయి ఏడాదైంది.

"ఆయన పేరు కొట్టేస్తావా? చర్చి రిజిస్టరులో కొట్టేశారు, జీతాల పుస్తకంలో కొట్టేశారు. నువ్వు కూడానా?"

లుసుంగు విషయం చెప్పాను. రెండుసార్లు ఎలా పోయిందో, ఇవాళ పోతే ఏమవుతుందో.

"పేరు ఉంచు. వాటా తీసుకో," అంది చివరికి. "బతికున్నప్పుడూ అంతేలే. ఇంటికి పేరే ఆయనది, తిండి వచ్చేపోయే వాళ్ళందరిదీ."

అంతకన్నా మంచి ఉపాయం నాకు తట్టలేదు. అందరివీ అలాగే చేద్దామనుకున్నాను. పన్నెండున్నరకి ముప్పయ్యో ఇల్లు అయింది. కాగితం మీద ఇంకొక్క పేరు మిగిలింది. ఫోను వంక చూశాను. బ్యాటరీ ఇంకా ఉంది. పుట్ట దిగి వచ్చేశాను.

ఒంటిగంటకల్లా ముప్పై వాటాలు తీసి, పేర్లు మాత్రం ఉంచాను. లుసుంగుకి మామూలు వాటా ఒకటి రాశాను, ఇంటర్వ్యూకి సరిపడా. మొత్తం పదికి కొంచెం లోపే ఉండేట్టు గీత గీశాను, తోపులాటంటూ జరిగితే నా గుమ్మంలోనే జరగాలని. లుసుంగు ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకుని, జుట్టు బిగించి కట్టుకుని వచ్చింది. నా గదిని ఆనుకుని ఉన్న మీటింగు గదిలో కూర్చోబెట్టాను. మా ఇద్దరి మధ్యా చెక్క పలకల గోడే.

"పడుకున్నావా?" అన్నాను.

"కళ్ళు మూసుకున్నాను. నువ్వు?"

"పుట్టెక్కాను."

రెండింటికి ముగ్గురు పెద్దలు తెర మీదికొచ్చారు. నేను నా గదిలోకొచ్చి టీసీ కమాండు కొట్టాను. ఏ వరసలో ఎంత పారుతోందో అంకెల్లో చూపిస్తుందది. బాగుంది. గోడవతల నుంచి లుసుంగు గొంతు గడగడా వినిపిస్తోంది. గుండె జబ్బున్న గర్భిణికి ఏ మందు ఎంత ఇవ్వాలో చెబుతోంది. హమ్మయ్య అనుకుని కుర్చీలో వెనక్కి వాలాను.

రెండు దాటి మూడు నిమిషాలకి ముందు వరసలో అంకె లేచింది. ఒకటి, మూడు, అయిదు, ఆరు. లుసుంగు అంకె అలా కిందికి జారిపోయింది.

"సార్, మీ మాట తెగుతోంది... సార్, ఒక్కసారి మళ్ళీ అడగండి..."

ముందు వరసలో మిగిలింది ఒక్కటే. ముప్పై ఒకటోది. వనంగ్వా కుమ్వెండా. నా కొడుకు. రెండేళ్ళ కిందట, పందొమ్మిదేళ్ళవాడు, మెదడువాపు జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయాడు. ఊరందరికీ తలో అర రాసిన ఈ చేత్తోనే, నా కొడుకు ఫోనుకి ఆరు రాసుకున్నాను. ఎవరడుగుతారు నన్ను? ఆ ఫోను ఇప్పుడు నా భార్య న్యాముంథాలి దగ్గరుంది. రోజూ మధ్యాహ్నం గిన్నెలు కడిగి, లోపలి గది తలుపేసుకుని, ఇంటర్నెట్లో ఉన్న వాడి సమాధి కార్యక్రమం వీడియో పెట్టుకుంటుంది. తలుపవతల పాట మొదలవుతుంటే నేను చెప్పులేసుకుని ఆఫీసుకొచ్చేస్తాను. రోజూ రెండింటికే.

నాకు తెలియదంటే అబద్ధం. పొద్దున లుసుంగు 'రెండింటికే' అన్నప్పుడే తెలుసు. సెప్టెంబరులోనూ తెలుసేమో. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టు, తప్పంతా నా ఇంట్లో పెట్టుకుని టవరు మీదికీ వాన మీదికీ నెట్టాను. రెండుసార్లు ఆ పిల్ల నోటి ముందు కూడు లాగేసింది నేనే.

"సార్? వినిపిస్తోందా సార్?" లుసుంగు గొంతు సన్నబడింది.

మొదటిసారి ఆరో నిమిషంలో పోయింది, రెండోసారి నాలుగో నిమిషంలో. ఇప్పుడు రెండూ నాలుగయింది. ఇంటికి పరిగెత్తినా అయిదు నిమిషాలు. పుట్ట దాకా రెండు. కమాండయితే ఒక్కటే లైను. తొందరలో రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి సరిగ్గా కొట్టాను.

ఆరు పోయింది. లుసుంగు అంకె మళ్ళీ పైకొచ్చి నిలబడింది.

"ఆఁ, ఇప్పుడు వినిపిస్తోంది సార్. మీరు అడిగింది ఊపిరితిత్తుల గురించే కదా..."

ముప్పై ఎనిమిది నిమిషాలు మాట్లాడింది. ఒక్కసారీ ఆగలేదు. నేను ఆ అంకెల మీంచి కళ్ళు తిప్పలేదు. లుసుంగు బయటికొచ్చి నా గది గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఏమన్నారు?"

"ఎప్పుడొచ్చి చేరగలవు అనడిగారన్నా." అక్కడే కింద కూలబడి, ఇస్త్రీ బట్టలు నలిగిపోతున్నా పట్టించుకోకుండా ఏడ్చేసింది. "ఈసారి ఏం చేశావన్నా? ముందే చేసి చావొచ్చు కదా!"

"అవును. ముందే చెయ్యాల్సింది," అన్నాను. ఆమె తల మీద చెయ్యి పెట్టాను.

మూడింటికి ఇంటికెళ్ళాను. ఆ వేళప్పుడు ఎప్పుడూ వెళ్ళను. లోపలి గది తలుపు తెరిచే ఉంది. న్యాముంథాలి చాప మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఫోను, తెర మీద కదలని బొమ్మ, జనం వీపులు.

"లైను పోయింది," అంది నన్ను చూడకుండా.

"తెలుసు. నేనే తీశాను. లుసుంగు ఇంటర్వ్యూ..."

"అయిందా?"

"అయింది. చేరమన్నారు."

"మంచిది." ఫోను అద్దం కొంగుతో తుడిచింది. "పొద్దున న్యాంహాంగో వచ్చింది, వనంగ్వా నాన్నా. 'మీ ఆయన ఎంత మర్యాదస్థుడమ్మా, ఎండలో పుట్ట మీద నిలబడి ఇంటింటికీ ఫోను చేసి, అడిగి మరీ తీస్తున్నాడు,' అంది. మొక్కజొన్న పిండితో సిమా ముద్ద కలుపుతూ ఫోను పక్కనే పెట్టుకున్నాను, నాకెప్పుడు చేస్తారా అని. పన్నెండయింది. ఒంటిగంటయింది. ఛార్జింగ్ అయిపోతుందేమోనని దీపం తీగకి తగిలించి పెట్టాను. అందరిళ్ళకీ చేశారు. మనింటికి చెయ్యలేదు."

గుమ్మంలోనే నిలబడిపోయాను.

"చేస్తే ఏమనేదానివి?"

"ఏమో. వద్దనేదాన్నేమో, సరే అనేదాన్నేమో. అడిగితే కదా తెలిసేది."

"భయమేసింది," అన్నాను.

"వద్దంటాననా?"

"కాదు న్యాముంథాలీ. సరే అంటావని. అంటే ఇక నా చేత్తో తియ్యక తప్పదు కదా."

అప్పుడు తలెత్తి నా వంక చూసింది. నా కళ్ళు మండిపోతున్నాయి, దాచుకోలేదు. తర్వాత చాప మీద కాస్త పక్కకి జరిగింది.

"రండి, కూర్చోండి. వాడి పెట్టె దించేటప్పుడు మీరు అక్కడ లేరు కదా," అంది.

లేను. లైను ఆగిందని జోహానెస్‌బర్గ్ నుంచి నా తమ్ముడు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే, ఆఫీసు గదిలో డబ్బా ముందు కూర్చుని వాటా ఆరుకి పెంచుతున్నాను. తిరిగొచ్చేసరికి మట్టి కప్పేశారు. ఆ తర్వాత రెండేళ్ళలో ఒక్కసారీ ఆ వీడియో చూడలేదు. చెప్పులు విప్పి ఆమె పక్కన కూర్చున్నాను. మోకాళ్ళు కటకటమన్నాయి.

ఆమె వేలితో తాకింది. బొమ్మ కదిలింది, నాలుగడుగులు నడిచి ఆగిపోయింది. అందరితో పాటు వెనక వరసలో ఉన్నాం గదా ఇప్పుడు, ల్యాబు వాళ్ళు రిపోర్టులు పంపుకున్నాకే మా వంతు. ఎదురుచూశాం. మళ్ళీ కదిలింది. నలుగురు కుర్రాళ్ళు తాళ్ళు పట్టుకున్నారు, వాడి స్నేహితులు, ఒక్కొక్కరినీ పేరుపెట్టి ఆమె నాకు చూపించింది. మళ్ళీ ఆగింది. అరగంట వీడియో అయ్యేసరికి అయిదున్నర దాటింది. నేను ఆఫీసుకి తిరిగి వెళ్ళలేదు.